రోడ్డు కారులో రేసు బెల్టు: ఒంటికేమవుతుంది, చట్టమేమంటుంది

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఈ మధ్య కొన్న చిన్న కారుకు రేసుల్లో వాడే నాలుగు పట్టీల హార్నెస్, ఆ పట్టీలను కట్టడానికి ముందు సీట్ల వెనక అడ్డంగా ఒక ఇనుప గొట్టం, డబ్బు మిగిలితే ఒంటిని రెండు పక్కలా పట్టి ఉంచే బకెట్ సీటు కూడా వేయించుకుంటానని చెప్పి నా అభిప్రాయం అడిగాడు. "మావయ్యా, రెండు వందల వేగంలో గోడకు గుద్దుకున్నవాళ్ళు కూడా ఈ బెల్టుల పుణ్యమా అని లేచి నడుచుకుంటూ వస్తున్నారు. ఎనభైలో వెళ్ళే నాకు ఇంకెంత రక్షణ!" అన్నది అతని వాదన. వినటానికి ఇందులో తప్పేమీ కనిపించదు. సోకుకు కాక భద్రతకే ఖర్చు పెడతానంటున్న కుర్రవాణ్ణి వద్దనటానికి మనసు కూడా రాదు. అయినా నేను వద్దనే చెప్పాను. ఎందుకు వద్దన్నానో ఫోనులో సరిగా చెప్పలేకపోయాను కనక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రేసు కారులో ఏ వస్తువూ ఒంటరిగా మనిషిని కాపాడదు. అక్కడ డ్రైవరును ఆరు పట్టీలు సీటుకు అదిమిపెట్టి ఉంచుతాయి. ఆ సీటు వెనక్కి వాలదు. తలకు హెల్మెట్, హెల్మెట్‌ను భుజాలకు పట్టి ఉంచే హాన్స్ పరికరం, చుట్టూ రోల్ కేజ్ అనే ఉక్కు గొట్టాల పంజరం, ఆ గొట్టాలకు గట్టి ఫోమ్, ఒంటికి మంటలంటని సూటు ఉంటాయి. వీటిలో ప్రతిదీ మిగిలినవన్నీ ఉన్నాయన్న లెక్క మీదనే తయారైంది. ఒకదాన్ని విడదీసి తెచ్చి వేరే కారులో బిగిస్తే సగం మేలైనా జరగకపోతుందా అనుకుంటాం. చాలాసార్లు ఆ సగం మేలూ జరగదు సరికదా, ఆ కారులో అప్పటికే ఉన్న రక్షణ దెబ్బ తింటుంది. ఎందుకంటే కంపెనీ నుంచి వచ్చిన కారు కూడా అలా ఒకదానికొకటి లెక్క కుదిర్చి కూర్చిన ఏర్పాటే. కాకపోతే ఆ లెక్క వేరు.

మనం రోజూ పెట్టుకునే మూడు బిందువుల సీటు బెల్టును వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. 1959లో అది కార్లలోకి వచ్చింది. ఆ పేటెంటును వోల్వో మిగతా కంపెనీలన్నీ వాడుకోవటానికి వదిలేసింది. పైకి చూడటానికి ఇప్పటికీ అదే పట్టీ అయినా దాని వెనక ఉన్న యంత్రాంగం చాలా మారింది. గుద్దుకున్న మొదటి కొన్ని మిల్లీసెకన్లలో ప్రిటెన్షనర్ అనే చిన్న మందుగుండు పేలి పట్టీలోని వదులును లాగేస్తుంది. తరువాత శరీరం ముందుకు పోతున్నప్పుడు లోడ్ లిమిటర్ అనే భాగం, బావిలోకి నిండు బిందెను దింపేటప్పుడు తాడును చేతిలో జారనిస్తూనే పట్టి ఉంచినట్టు, ఛాతీ మీద బలం ఒక హద్దు దాటకుండా పట్టీని కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ వదిలిన మేరకు ఛాతీ, తల కలిసి ముందుకు వెళ్ళి అప్పటికే ఉబ్బి ఉన్న ఎయిర్‌బ్యాగ్‌ను తాకుతాయి. తల ఏ క్షణానికి ఎక్కడికి చేరుతుందో, బ్యాగ్ ఏ క్షణానికి ఎంత ఉబ్బి ఉండాలో ఆ మోడలు కారును గుద్దించి పరీక్షించి నిర్ణయిస్తారు. మన దేశంలో 2019 జులై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, 2021 చివరికల్లా పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి కనక మా మేనల్లుడి కారులోనూ ఈ ఏర్పాటంతా ఉంది.

ఇప్పుడు ఆ పట్టీ తీసి హార్నెస్ పెట్టామనుకోండి. రెండు భుజాలూ సీటుకు బిగుసుకుపోతాయి, మొండెం కదలదు. తల మాత్రం కదులుతుంది. నాలుగైదు కిలోల తల అంత వేగంతో ముందుకు విసిరినట్టు పోతుంటే దాన్ని ఆపవలసింది ఒక్క మెడే. ఎయిర్‌బ్యాగ్ తన సమయానికి తాను ఉబ్బుతుంది కాని, తల దాన్ని చేరుకోవలసిన తీరులో చేరుకోదు. పుర్రె అడుగు భాగం, అంటే వెన్నెముక మీద కూర్చునే చోటు, ఈ లాగుడుకు పగులుతుంది. రేసు ప్రపంచం ఈ సంగతిని ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకుంది. అమెరికాలో జిమ్ డౌనింగ్ అనే రేసు డ్రైవరు, అతని బావ అయిన మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు రాబర్ట్ హబ్బర్డ్ కలిసి 1980లలోనే హాన్స్ పరికరాన్ని తయారు చేశారు. మెడ చుట్టూ కాలరులా కూర్చుని, భుజం పట్టీల కింద ఒదిగి, రెండు చిన్న తాళ్ళతో హెల్మెట్‌ను పట్టి ఉంచే వస్తువు అది. ఇబ్బందిగా ఉంటుందని చాలామంది డ్రైవర్లు ఏళ్ళ తరబడి దాన్ని పక్కన పెట్టారు. 2001 ఫిబ్రవరి 18న అమెరికాలో డేటోనా 500 రేసు చివరి ల్యాప్‌లో పేరుమోసిన డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ గోడకు గుద్దుకుని ఇదే రకం పగులుతో చనిపోయాడు. ఆ ఏడాది అక్టోబరులో ఆ రేసులు నడిపే నాస్కార్ సంస్థ మెడను కాపాడే పరికరాన్ని తప్పనిసరి చేసింది. ఫార్ములా వన్ 2003లో చేసింది. అంతటి ఆటగాడికే హార్నెస్ ఒక్కటీ చాలలేదు. మరి హెల్మెట్ గాని, హాన్స్ గాని లేకుండా కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్ళేవాడికి అదెలా చాలుతుంది?

పోనీ హాన్స్ కూడా కొంటానంటే, అది హెల్మెట్‌కు తగిలించేది. అప్పుడు హెల్మెట్ పెట్టుకునే ఆఫీసుకు వెళ్ళాలి. హెల్మెట్ పక్క చూపును తగ్గిస్తుంది, హారన్లు సరిగా వినపడనివ్వదు. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

నాలుగు పట్టీల హార్నెస్‌లో మరో లోపం ఉంది, దీన్ని అమ్మేవారు చెప్పగా నేను వినలేదు. భుజాల మీదుగా వచ్చే రెండు పట్టీలూ నడుము పట్టీ మధ్యలో ఉండే తాళానికి వచ్చి కలుస్తాయి. కారు గుద్దుకున్నప్పుడు మొండెం ముందుకు తోస్తుంటే ఆ పట్టీలు నడుము పట్టీని పైకి లాగుతాయి. తుంటి ఎముకల మీద ఉండవలసిన పట్టీ కడుపు మీదికి ఎక్కుతుంది, మనిషి దాని కింద నుంచి ముందుకు జారిపోతాడు. తుంటి ఎముక మోయగల బలాన్ని పేగులు, కాలేయం మోయలేవు. ఈ జారుడును ఆపటానికే రేసు బెల్టుల్లో తొడల మధ్య నుంచి కిందికి దిగే అయిదో పట్టీ, ఆరో పట్టీ ఉంటాయి. వాటికి సీటులో రంధ్రం కావాలి, నేలలో బిగింపు కావాలి. మామూలు సీటులో ఆ రంధ్రం ఉండదు. జర్మనీకి చెందిన ష్రోత్ కంపెనీ ఒక భుజం పట్టీలో మడత కుట్టి, గుద్దుకున్నప్పుడు ఆ కుట్లు విడిపోయి ఒక భుజం కొంచెం ముందుకు తిరిగేటట్టు, దానితో నడుము జారకుండా నిలిచేటట్టు ఏర్పాటు చేసిన నాలుగు పట్టీల బెల్టులు తయారు చేసింది. రోడ్డు మీద వాడటానికి యూరపులో ఆమోదం పొందినవి అలాంటివి; అవి కూడా ఏ కారులో ఎలా బిగించాలో నిర్ణయించిన మేరకే. మన బజారులో, ఆన్‌లైనులో రెండు మూడు వేలకు దొరికే రంగురంగుల బెల్టులకు ఆ కుట్టూ లేదు, ఆ పరీక్షా లేదు.

అసలు బెల్టుకు ఒక చీటీ కుట్టి ఉండాలి. ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్‌ఐఏ ప్రమాణమైతే 8853/98 అనో 8853-2016 అనో అంకె, దానితోపాటు ఫలానా ఏడాది తరువాత చెల్లదు అన్న ముద్ర ఉంటాయి. పాత ప్రమాణానికి అయిదేళ్ళు గడువు. అమెరికాలోని ఎస్‌ఎఫ్‌ఐ సంస్థ తన 16.1 ప్రమాణం బెల్టులకు రెండేళ్ళే ఇచ్చింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పట్టీ నేత బలహీనపడుతుంది కనక ఈ గడువు. రేసు కారు షెడ్డులో ఉంటుంది. మన కారు మే నెలలో విజయవాడ ఎండలో పొద్దుగూకే దాకా నిలబడి ఉంటుంది, భుజం పట్టీలు వెనక అద్దం ఎదుటే పరుచుకుని ఉంటాయి.

బెల్టు ఎంత మంచిదైనా దాని బలం దాన్ని బిగించిన చోటిదే. మేనల్లుడు చెప్పిన దుకాణానికి వెళ్ళి, అక్కడ అప్పటికే హార్నెస్ వేసి సిద్ధంగా ఉన్న ఒక కారును వంగి చూశాను. నడుము పట్టీ కోసం సీటు పక్కన నేల రేకుకు డ్రిల్లుతో బెజ్జం కొట్టి ఐబోల్టు దూర్చారు. కింద నుంచి ఫోను లైటు వేసి చూస్తే అయిదు రూపాయల బిళ్ళంత వాషరు, దాని మీద నట్టు. అంతే. ఎఫ్‌ఐఏ నిబంధనల్లో అనుబంధం 'జె'లోని 253వ అధికరణం ప్రకారం నడుము, భుజం పట్టీల బిగింపు ఒక్కొక్కటీ 1,470 డెకాన్యూటన్ల లాగుడును, అంటే దాదాపు ఒకటిన్నర టన్నుల బరువును తట్టుకోవాలి. రేకుకు కొత్తగా బెజ్జం చేస్తే కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ఉక్కు పలక వెనక ఉండాలి. మిల్లీమీటరు మందం కూడా లేని నేల రేకులో ఆ వాషరు మొదటి కుదుపుకే ఊడి వస్తుంది. భుజం పట్టీలను వెనక సీటు నడుము బెల్టుల బోల్టులకు కట్టారు. అవి సీటు వీపు మీదుగా నిలువుగా కిందికి దిగుతున్నాయి. ఆ పట్టీలు అడ్డానికి 45 డిగ్రీల కంటే ఎక్కువ కోణంలో దిగకూడదనీ, 10 డిగ్రీలు దాటకపోతే మరీ మంచిదనీ అదే అధికరణం చెబుతుంది. నిలువుగా దిగిన పట్టీ గుద్దుడు వేళ భుజాలను వెనక్కి కాక కిందికి లాగుతుంది, వెన్నెముకను పై నుంచి నొక్కుతుంది. వెన్నుపూస నలగటానికి అది సరిపోతుంది.

ఇక రోల్ కేజ్. దీని విషయంలో నాకు కూడా కొంత ఆకర్షణ ఉందని ఒప్పుకోవాలి. బాగా వెల్డింగ్ చేసిన కేజ్ చూడటానికి అందంగా ఉంటుంది. పల్టీ కొట్టిన ర్యాలీ కార్లలో నుంచి మనుషులు బయటికి రావటానికి అదే కారణం. ప్రధాన గొట్టం అతుకు లేని ఉక్కుతో 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం, లేదా 50 వ్యాసం, 2 మందం ఉండాలనీ, ఒక్కొక్క కాలి కింద 120 చదరపు సెంటీమీటర్ల పలక, కనీసం మూడు బోల్టులు ఉండాలనీ ఎఫ్‌ఐఏ నిబంధన. మన ఊళ్ళలో "కేజ్" పేరుతో చేసిపెట్టేవాటిలో కొన్ని గేట్లకు, గ్రిల్సుకు వాడే పైపుతో చేసినవి. అది వంగటమే కాదు, అతుకు దగ్గర చీలి మొన తేలుతుంది.

సరైన ఉక్కుతో, సరైన వెల్డింగుతో చేసినా రోడ్డు కారులో అది ప్రమాదమే. రేసులో ఆ గొట్టానికీ తలకూ మధ్య హెల్మెట్ ఉంటుంది, తల అటూ ఇటూ పోకుండా సీటు రెక్కలు ఉంటాయి. రోడ్డు మీద వట్టి తల ఉంటుంది. పక్క నుంచి ఆటో గుద్దినా చాలు, తల గొట్టాన్ని తాకుతుంది. డ్రైవరు సీటులో కూర్చుని బొటనవేలు చెవికి ఆనించి చెయ్యి చాపితే చిటికెనవేలికి గొట్టం తగిలిందంటే, అంటే మధ్యలో జానెడే ఉందంటే, ఎంత కుదుపు సరిపోతుందో ఊహించుకోవచ్చు. గొట్టానికి చుట్టవలసిన ఫోమ్‌కు కూడా ఎఫ్‌ఐఏ 8857-2001, ఎస్‌ఎఫ్‌ఐ 45.1 అని ప్రమాణాలున్నాయి. గోటితో నొక్కితే లోపలికి పోనంత గట్టిగా ఉంటుంది, ఎందుకంటే అది హెల్మెట్ తగలటానికి చేసింది. నేను చూసిన కారులో ఏసీ రాగి గొట్టాలకు తొడిగే మెత్తటి నల్ల ఫోమ్ తొడిగి ఉంది. అది వేలితో నొక్కితే చదునైపోతుంది. పైగా ముందు అద్దం పక్క స్తంభాల వెంబడి పోయే గొట్టం, పక్క కిటికీల మీదికి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో ఆ బ్యాగ్ విచ్చుకునే దారికి అడ్డు పడుతుంది. ముందు సీట్ల వెనక అడ్డ గొట్టమైతే వెనక కూర్చున్న పిల్లవాడి తల ఎత్తులో ఉంటుంది. ఆ సీటులో ఎవరూ కూర్చోరని చెప్పేవారు పండక్కి ఊరు వెళ్ళేటప్పుడు ఏం చేస్తారో నాకు అర్థం కాదు.

కేజ్ లేకుండా బకెట్ సీటు, హార్నెస్ మాత్రమే పెట్టుకోవటం ఇంకో రకం ప్రమాదం. కారు తిరగబడి పైకప్పు కిందికి నొక్కుకుంటే మామూలు బెల్టులో మొండెం పక్కకు ఒరగటానికి కొంత చోటుంటుంది, సీటు కొంత వెనక్కి వాలుతుంది. బిగుసుకుపోయిన మనిషి నిటారుగానే ఉండి ఆ కప్పును నెత్తి మీద, మెడ మీద మోస్తాడు. రేసుల్లో తిరిగేవారు హార్నెస్ పెడితే కేజ్ పెట్టాలని పట్టుబట్టేది అందుకే. కేజ్ పెడితే హెల్మెట్ పెట్టాలి, హెల్మెట్ పెడితే హాన్స్ పెట్టాలి. ఒక వస్తువుతో మొదలుపెట్టినవాడు చివరికి రోడ్డుకు పనికిరాని కారు దగ్గర ఆగుతాడు.

సీటు సంగతి క్లుప్తంగా చెబుతాను. కంపెనీ సీటు తీసేస్తే దాని అంచులో ఉన్న సైడ్ ఎయిర్‌బ్యాగ్ పోతుంది, పక్క సీటులో మనిషి ఉన్నాడో లేడో చెప్పే సెన్సరు పోతుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. దాన్ని ఆర్పటానికి కనెక్టరులో పావలా ఖరీదు చేసే రెసిస్టరు దూరుస్తారు. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుంటుంది. హార్నెస్ వేసినవారు సీటు బెల్టు గంట మోగకుండా తాళంలో ఉత్త క్లిప్పు పెడతారు. కొన్ని కార్లలో బెల్టు పెట్టుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు పేలాలో మారుతుంది కనక ఇదీ చిన్న అబద్ధం కాదు. ఈ క్లిప్పుల అమ్మకం మీద 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకు ఆదేశాలివ్వగా 13,118 ప్రకటనలు తొలగించారు.

రోజువారీ వాడకంలో వచ్చే చిక్కులు కూడా చిన్నవి కావు. మామూలు బెల్టు మెల్లగా లాగితే వస్తుంది, కుదుపుకు బిగుస్తుంది. అందువల్ల కూడలిలో ముందుకు వంగి ఎడమ పక్క నుంచి దూసుకొచ్చే స్కూటరును చూడగలం. సరిగ్గా బిగించిన హార్నెస్‌లో భుజం కదలదు, మెడ తిరిగినంత మేరే చూపు. ఆ ఇబ్బందికి అందరూ పట్టీలు వదులు చేసుకుంటారు. వదులు హార్నెస్ ఏ బెల్టూ లేకపోవటానికి కాస్త నయం, కంపెనీ బెల్టుకు చాలా నాసి. అన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. మన రహదారుల మీద ప్రమాదం జరిగితే ముందుగా చేరేది అంబులెన్సు కాదు, పక్క పొలంలో పని చేసుకునేవారు, వెనక వచ్చే లారీ డ్రైవరు. వాళ్ళందరికీ ఎర్ర బొత్తం నొక్కితే బెల్టు ఊడుతుందని తెలుసు. ఆ బొత్తం ఎర్రగానే ఉండాలని, తాళంలో ఇంకే భాగమూ ఆ రంగులో ఉండకూడదని ఐక్యరాజ్యసమితి 16వ నియమం చెబుతుంది. పొట్ట మీద గుండ్రంగా ఉండే రేసు తాళాన్ని తిప్పాలని పొగలో, కంగారులో ఎవరికి తడుతుంది?

చట్టం సంగతికి వస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన, ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని యజమాని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళకు సంబంధించిన కేసులో హైకోర్టు తీర్పును తోసిపుచ్చుతూ, ఈ విషయంలో రాష్ట్ర నియమాలు కూడా ఆ సెక్షన్‌కు లోబడే ఉండాలని తేల్చింది. ఆర్‌సీలో సీట్ల సంఖ్య ఉంటుంది, ఖాళీ బరువు ఉంటుంది. వెనక సీటు పీకేసి కేజ్ వెల్డింగ్ చేస్తే రెండూ మారతాయి. ఇందులో సందేహానికి తావు లేదు. బోల్టులతో బిగించిన ఒక్క గొట్టం మాటేమిటని అడగవచ్చు. 52 వరకే చూస్తే వాదించటానికి కొంత చోటుందేమో కాని, 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం విడిభాగాలను తరువాత అమర్చటాన్ని కూడా కలుపుకొని, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటుంది. రోడ్డు మీద రాసే చలానా మొత్తాన్ని రాష్ట్రాలు నిర్ణయించుకుంటాయి కనక అది వేరుగా ఉండవచ్చు, నేరం మాత్రం నేరమే.

బెల్టు విషయంలో నియమం ఇంకా సూటిగా ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 138(3), కారు కదులుతున్నంతసేపూ 125వ నియమం కింద కారుకు అమర్చిన సీటు బెల్టులను పెట్టుకోవాలని చెబుతుంది. ప్రమాణానికి నిలవని హార్నెస్ భుజాల మీద ఉండి, అసలు బెల్టు స్తంభం మీద వేలాడుతుంటే అక్షరాలా చదివినప్పుడు అది బెల్టు పెట్టుకోకపోవటమే. దానికి చట్టంలోని 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు చూసీ చూడనట్టు పోవచ్చు, అది వేరే సంగతి. హార్నెస్, అసలు బెల్టు రెండూ కలిపి పెట్టుకుంటానన్నాడు మా వాడు. ఒక పట్టీ వదులుతూ ఇంకో పట్టీ బిగుస్తూ ఉంటే శరీరానికి ఏ లెక్కా మిగలదు.

ఈ చట్టం రేసు ప్రియులను దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. ఎత్తు పెంచిన జీపులు, పొడిగించిన బస్సులు, బంపర్ గార్డులు దాని లక్ష్యం. బంపర్ గార్డుల మీద రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసినప్పుడు చాలామంది గింజుకున్నారు, అది కూడా రక్షణ కోసమే కదా అని. నలిగి బలాన్ని మింగవలసిన ముందు భాగానికి అడ్డంగా ఇనుము పెడితే ఆ బలం లోపలి మనిషికే చేరుతుందని, రోడ్డు దాటేవాడికి మరీ ప్రమాదమని నెమ్మదిగా తెలిసింది. మన దేశపు మోటారు రేసు క్లబ్బుల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ పర్యవేక్షణలో పోటీల్లో నడిచే కార్లకు ఒక నిర్దిష్టమైన ఆమోద పద్ధతి రోడ్డు కోసం కూడా ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. జర్మనీలో పరీక్షించి పత్రాల్లో నమోదు చేసే పద్ధతి ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడ అంతా స్వేచ్ఛ అనుకుంటారు గాని, అక్కడి ఫెడరల్ చట్టం రిపేరు దుకాణాలు కంపెనీ భద్రతా పరికరాలను పనిచేయకుండా చేయటాన్ని నిషేధించింది. సొంతదారుకు ఆ నిషేధం వర్తించకపోయినా, బెల్టు పెట్టుకోవాలన్న రాష్ట్రాల చట్టాలు దాదాపు అంతటా వర్తిస్తాయి.

బీమా కాగితం ఒకసారి తీసి చూడండి. వాడకం మీద పరిమితులు అన్న శీర్షిక కింద అద్దెకు తిప్పటం, సరుకు మోయటం పక్కనే వ్యవస్థీకృత పందేలు, వేగ పరీక్షలు అని కూడా ఉంటుంది. అందువల్ల ట్రాక్ మీద జరిగిన నష్టాన్ని మామూలు పాలసీ భరించదు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులుంటే రోడ్డు మీద జరిగిన సొంత నష్టం క్లెయిమ్ కూడా సర్వేయరు దగ్గరే ఆగిపోగలదు. సర్వేయరు ముందుగా ఫొటో తీసేది సీటునూ బెల్టునూ.

ట్రాక్ మీద నడపాలన్న కోరికను నేను తప్పు పట్టను. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో మామూలు కార్లతో నడిపే రోజులుంటాయి, నేనూ వెళ్ళాను. అక్కడికి రోడ్డు కారును రోడ్డు కారుగానే తీసుకువెళ్ళటం మంచిది: కంపెనీ సీటు, కంపెనీ బెల్టు, ఎయిర్‌బ్యాగ్ అన్నీ ఉంచి, తలకు హెల్మెట్ చేర్చాలి. హెల్మెట్ మీద హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ వారి 'ఎస్‌ఏ' ముద్ర ఉండాలి. 'ఎం' అన్నది మోటారు సైకిలుకు, దానికి మంట పరీక్ష ఉండదు. బెల్టు బిగుతుగా కావాలంటే సీటును ఒకటి రెండు గాట్లు వెనక్కి జరిపి, పట్టీని గబుక్కున లాగి రీలు బిగుసుకున్నాక సీటును తిరిగి ముందుకు తెచ్చుకుంటే నడుము కదలదు. దానికి రూపాయి ఖర్చు లేదు. ఇంతకంటే వేగం కావాలనిపించిన రోజున ఆర్‌సీ ఆశ వదులుకుని, ట్రక్కెక్కించి ట్రాక్‌కు తీసుకువెళ్ళే వేరే కారు పూర్తిగా కట్టించుకోవాలి, లేదా అక్కడే అద్దెకు దొరికే రేసు కారెక్కాలి. లెక్క వేస్తే రెండోదే చౌక.

రేసుల నుంచి రోడ్డు కారులోకి నిస్సంకోచంగా తెచ్చుకోదగినది అగ్నిమాపక సిలిండరు. కిలో ఏబీసీ పొడి సిలిండరు చాలు. దాన్ని డిక్కీలో దొర్లనివ్వకుండా, బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడే చేతికందే చోట ఇనుప పట్టీ బ్రాకెట్‌తో బిగించాలి. ప్లాస్టిక్ క్లిప్పు గుద్దుడుకు విరిగితే ఆ సిలిండరే దెబ్బ కొడుతుంది. నెలకోసారి ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో చూసుకుని, తిరగేసి అరచేత్తో నాలుగు దెబ్బలు వేస్తే అడుగున పేరుకున్న పొడి కదులుతుంది. బానెట్ కింద నుంచి పొగ వస్తే పూర్తిగా ఎత్తకుండా సందులోంచే కొట్టాలి, లేకపోతే గాలి తగిలి మంట లేస్తుంది. కారు లోపల కొడితే ఆ పొడికి కళ్ళు కనపడవు, ఊపిరాడదు కనక మనుషులు దిగాకే కొట్టాలి.

చివరిగా, సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారికి. ముందు యజమాని ఇలాంటివి పెట్టించి, అమ్మే ముందు తీసేసి ఉండవచ్చు. నేల మీది కార్పెట్ ఎత్తి సీటు పట్టాల పక్కన కొత్త బెజ్జాలు, మాస్టిక్‌తో పూడ్చిన మచ్చలు ఉన్నాయేమో చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండవచ్చు. సరిగ్గా వెలిగి ఆరినా సీటు కింద పసుపు రంగు కనెక్టరు దగ్గర టేపు చుట్టి ఉంటే రెసిస్టరు ఉండవచ్చు, దాన్ని కంపెనీ సర్వీస్ సెంటరులో స్కానర్ పెట్టించి, విప్పించి చూడాలి. బెల్టును చివరిదాకా బయటికి లాగి, కుట్ల దగ్గర పీచు లేచిందేమో, తాళం వైపు మూల వంగిందేమో చూడండి. అమ్మేవాడు కార్పెట్ ఎత్తనివ్వకపోతే బేరం అక్కడితో ఆపేయండి.